మూత తీయని సీసా

కోలికుండా అనే ఊరి ఆరోగ్య కేంద్రంలో పిల్లలకు సూదులు వేసే జైనాబా కుజాబికి ఒక అలవాటు ఉంది. ఎవరింట్లోనైనా బిడ్డ పుట్టిందని చెబితే ఆడా మగా అని అడగదు, తల్లి ఎలా ఉందని కూడా అడగదు. "ఎప్పుడు?" అంటుంది. నిన్న అంటే ఆమెకు చాలదు. నిన్న ఎప్పుడు, తొలి నమాజుకు ముందా తర్వాతా, కోళ్ళను గూట్లోంచి వదిలాకా వదలకముందా అని గుచ్చి గుచ్చి అడుగుతుంది. చెప్పేవాడు నీళ్ళు నమిలితే విసుక్కుంటుంది. శుభవార్త చెబుదామని వస్తే పోలీసులకు వాంగ్మూలం ఇచ్చినట్టయిందేమిటని జనం నవ్వుకుంటూ పోతారు.

ఈ అలవాటు వచ్చి పదమూడు నెలలైంది. అంతకుముందు ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆమె ఎప్పుడూ గంటలు అడగలేదు. రోజులే అడిగేది, అవి నాలుగు అటూ ఇటూ అయినా పట్టించుకునేది కాదు. దర్జీ సుంతుకుంగ్ చచ్చిపోయాక ఇది మొదలైంది.

జైనాబాది సముద్రం వైపు ఊరు, జోలా తెగ మనిషి. మొగుడు పడవ ఇంజన్ల మెకానిక్. నదికి ఎగువన రెండేళ్ళు పనిచేస్తే చాలు, తర్వాత సముద్రం దగ్గరికి బదిలీ చేయించుకుందామని పెళ్ళయిన కొత్తలో మాట ఇచ్చాడు. ఆ రెండేళ్ళు పూర్తికాకుండానే జ్వరమొచ్చి ఆయన పోయాడు. ఈమె ఇక్కడే ఉండిపోయింది. పొడుగాటి మనిషి, గొంతు పెద్దది, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇప్పుడు యాభై ఏడేళ్ళు. మూడేళ్ళలో పదవీ విరమణ. ఈ చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళలో ముప్పై ఏళ్ళ లోపు వాళ్ళెవరు ఎదురైనా, వాళ్ళ తొడ మీద తన సూది దిగే ఉంటుందని ఆమె ధైర్యంగా చెప్పగలదు. ఆ ధైర్యం ఒకప్పుడు ఆమెకు గర్వంగా ఉండేది.

హెపటైటిస్ బి సూదుల వరస ఈ ఊళ్ళలో పాట రూపంలో ఉంది. పుట్టగానే ఒకటి, రెండో నెల, మూడో నెల, నాలుగో నెల. పెద్దవాళ్ళకైతే ఇవాళొకటి, నెలకొకటి, ఆరో నెలకొకటి. ఈ లెక్కను పాట కట్టింది కాన్యెలెంగ్ ఆడవాళ్ళు. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, ఆ తల్లులు చేరే గుంపు అది. మగవాళ్ళ పంట్లాములు తొడుక్కుంటారు, పాత డబ్బా మూతలు దండ గుచ్చి మెళ్ళో వేసుకుంటారు, సిగ్గూ ఎగ్గూ లేకుండా ఎగురుతారు, మాట్లాడరాని మాటలు మాట్లాడతారు. ఇంత పనికిమాలిన దాని బిడ్డ మనకెందుకులే అని బిడ్డల్ని ఎత్తుకుపోయే దయ్యాలు వదిలేసి పోతాయని ఆశ. అందుకే పుట్టిన బిడ్డకు కూడా మంచి పేరు పెట్టరు. సుంతుకుంగ్ అంటే చెత్తకుప్ప. మన వైపు పెంటయ్యలు పుట్టినట్టే అతనూ పుట్టాడు.

పాటలో మొదటి మాట "పుట్టగానే". జైనాబాయే నేర్పింది. గురువారం పిల్లల రోజున ఆరోగ్య కేంద్రం వాకిట్లో డబ్బా మూతలు గలగలలాడించుకుంటూ వాళ్ళు పాడుతుంటే తల్లులంతా చప్పట్లు కొట్టేవాళ్ళు. ఊరంతా పాడింది, ఎవరూ పాటించలేదు. బిడ్డకు ఎనిమిదో రోజున తల గొరిగి, ఇమాం చెవిలో పేరు చెప్పేదాకా తల్లీబిడ్డా గడప దాటరు, పైవాళ్ళ కంట పడరు. పుట్టిన రోజు సూది ఎవరికి వేస్తావు? జైనాబా కూడా దాన్ని ఒక మర్యాద మాటగానే తీసుకుంది. పాటలో ఉంది, కాగితంలో ఉంది, అంతే.

ఆ పాటను నమ్మిన మనిషి ఒక్కతే. తిదా మరోంగ్. ఆ గుంపులో ముందుండి పాడేది ఆమే.

ముగ్గురు బిడ్డలు ఏడాది తిరక్కుండా పోయాక తిదాకు నాలుగోవాడు పుట్టాడు. ఇరవైమూడేళ్ళ కిందటి మాట. రెండో రోజు మంగళవారం, ఎండకు కుక్కలు కూడా బయట తిరగని వేళ, బిడ్డను మొహం కనిపించకుండా చుట్టుకుని వేరుశనగ చేల వెనక దారిన ఆమె ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. అత్తకు చెప్పలేదు. పచ్చి బాలింత. "పుట్టగానే అన్నావు కదక్కా, తెచ్చాను" అంది.

జైనాబా గుడ్డ తొలగించి చూసింది. రెండు రోజుల గుడ్డు, కళ్ళు తెరిచి ఆమెనే చూశాడు. చల్లపెట్టెలో మందు సీసా ఉంది. ఒక్కో సీసాలో పది మోతాదులు. ఒక్కడి కోసం మూత తీస్తే మిగతా తొమ్మిదీ పారబోయాలి, ఎందుకు పారబోశావని పై అధికారులు అడుగుతారు. క్షయకు వేసే మందుకైతే ఈ లెక్క నిజమే. తెరిచిన ఆరు గంటల్లో పారేయాల్సిందే. హెపటైటిస్ మందుకు అలా కాదు. మూత తీసినా చల్లగా ఉంచితే నాలుగు వారాలు వాడుకోవచ్చని అయిదు నెలల ముందే కాగితం వచ్చింది. జైనాబా చదివింది, చదివినట్టు సంతకం పెట్టింది, గోడ మీద మేకుకు గుచ్చింది. కానీ ఆ రెండు మందులూ ఏళ్ళ తరబడి ఒకే పళ్ళెంలో బయటికొచ్చి, సాయంత్రం ఒకే బకెట్లోకి పోయేవి. కాగితం మేకుకే ఉండిపోయింది, చెయ్యి పాత వాటంలోనే ఉండిపోయింది.

"ముత్యంలా ఉన్నాడు. పేరు పెట్టుకున్నాక పిల్లల రోజున తీసుకురా. మందెక్కడికీ పోదు" అంది. పెట్టె మూత వేసింది. తిదా మొహం తేటపడింది కూడా. తప్పు చేస్తున్నానేమోనని భయపడుతూ వచ్చిన మనిషి, తొందరేమీ లేదని నర్సమ్మే చెప్పాక ఊపిరి పీల్చుకుని వెనక్కి పోయింది. పదకొండో రోజున సుంతుకుంగ్‌కు మొదటి సూది పడింది. ఆ తర్వాత ఒక్కటీ తప్పలేదు.

అతను పెరిగి పెద్దవాడై సంత కూడలిలో కుట్టుమిషను పెట్టుకున్నాడు. పేరుకే చెత్తకుప్ప, చేతి పని మాత్రం అద్దం. జైనాబా యూనిఫారాలన్నీ అతనే కుట్టేవాడు. "ఎవరికీ లేని జేబు నీకొకటి లోపల పెట్టాను సూదమ్మా. అందులో ఏం దాచుకుంటావో నీ ఇష్టం. నా కుట్టుకూలి మాత్రం అందులో దాచేయకు" అని ఏడిపించేవాడు. ఇరవైరెండో ఏట కడుపు ఉబ్బింది, కళ్ళు పసుపుపచ్చగా మారాయి, మూడు నెలల్లో పోయాడు. కాలేయంలో కాన్సరనీ, పుట్టుకతో అంటిన హెపటైటిస్ ఇన్నాళ్ళూ లోపల పనిచేసిందనీ జిల్లా ఆసుపత్రి డాక్టరు జైనాబాతో అన్నాడు. పుట్టిన వెంటనే సూది పడితే ఆగేదా అని ఆమె అడిగింది. ఆగేదేమో, చాలామందికి ఆగుతుంది, ఖాయంగా ఎవరు చెప్పగలరు అన్నాడాయన. ఆ "ఏమో" పట్టుకుని నిద్రపోవచ్చని ఆయన ఉద్దేశం కాబోలు.

నలభై రోజుల దానాలు అయ్యాక తిదా ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. పాలపొడి డబ్బాలోంచి ప్లాస్టిక్ సంచి, అందులోంచి కొడుకు చిన్ననాటి సూదుల కార్డు తీసి బల్ల మీద పెట్టింది. ఆమెకు చదువు రాదు. "నువ్వు చూడక్కా. ఒక్కటైనా తప్పానా? నాకు తెలియాలి" అంది.

జైనాబా చూసింది. అంతా తన చేతిరాతే. మొదటి వరసలో పుట్టిన తేదీ, దాని పక్కన సూది తేదీ. మధ్యలో పది రోజులు.

"ఏమీ తప్పలేదు తిదా. అన్నీ వేయించావు" అంది.

తిదా చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. "అయితే నాకర్థమైంది" అని కార్డు మళ్ళీ డబ్బాలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఏమర్థమైందని జైనాబా అడగలేదు. అడగకపోవడమే ఆ రోజు ఆమెకు హాయిగా అనిపించింది. సిగ్గులేని హాయి.

అప్పటి నుంచి చల్లపెట్టె మూత వేసినప్పుడల్లా ఆ టప్‌మనే చప్పుడుకు ఆమె చెయ్యి ఆగిపోతుంది. గుడ్డ మడతలోంచి రెండు కళ్ళు కనిపిస్తాయి. చచ్చిపోయే ముందటి పసుపు కళ్ళు కావు, రెండో రోజు కళ్ళు. గురువారాల్లో తల్లులంతా వెళ్ళిపోయాక బల్ల చివర ఇంకా ఎవరో బిడ్డతో కూర్చుని తన వంతు కోసం చూస్తున్నట్టుంటుంది. రెండుసార్లు "రామ్మా, నువ్వూ రా" అని పిలిచి, ఖాళీ బల్ల చూసి నాలుక కరుచుకుంది. సుంతుకుంగ్ కుట్టిన యూనిఫారం తీసేద్దామనుకుంటుంది, తీయలేదు. లోపలి జేబులోకి చెయ్యి పోతే వెంటనే వెనక్కి తీసుకుంటుంది.

తాను చేయగలిగింది చేసింది. తిదా ఇంటిల్లిపాదికీ రక్తపరీక్ష చేయించింది. తిదా రక్తంలో ఉంది, కూతురు న్యాలింగ్ రక్తంలోనూ ఉంది. ఇరవై ఏళ్ళ పిల్ల, ఆమెకూ మొదటి సూది పేరు పెట్టాకే పడింది, అదీ ఈ చేతులతోనే. న్యాలింగ్ మొగుడు కరామోకు లేదని తేలితే వెంటనే పెద్దవాళ్ళ వరస మొదలుపెట్టింది. నెలకు రెండోది వేసింది. ఆరో నెలది ఎగ్గొట్టబోతే, సముద్రం దగ్గర హోటల్లో అతను పనిచేసే చోటికి ఫోన్ చేసి యజమాని ముందే తిట్టి వేయించింది. ఇంతా చేసి, తిదాకు చెప్పవలసిన ఒక్క మాట మాత్రం చెప్పలేదు. ఈలోగా న్యాలింగ్ కడుపుతో తల్లి దగ్గరికి వచ్చింది.

ఆగస్టు నెల. వరిమళ్ళు నిండి, నది పాయ పొంగి, ఊళ్ళ మధ్య దారులు నీళ్ళలో ఉన్నాయి. పొద్దెక్కాక న్జాగా ఫాయ్ గుర్రబ్బండి ఆరోగ్య కేంద్రం ముందు ఆగింది. న్జాగా సెరేర్ తెగ ముసలాయన. జోలాలకూ సెరేర్లకూ తాతల నాటి వేళాకోళపు వరస. ఎదురుపడితే ఒకర్నొకరు బానిసా అని పిలుచుకోకపోతే మర్యాద తప్పినట్టు.

"ఏమే నా బానిసా, ఇంకా బతికే ఉన్నావా? గిన్నెలో మాడు కూడా మిగలనివ్వడం లేదని మీ దవాఖానా ఎలకలు నాతో మొరపెట్టుకున్నాయి."

"యజమానురాలి ముందు టోపీ తీసి మాట్లాడు ముసలోడా. నిన్ను కొనడమే దండగ, ఆ గుర్రాన్ని కొన్నా పోయేది."

"గుర్రం నిన్ను చూసి అమ్ముడుపోనంది." న్జాగా నవ్వాడు, తర్వాత గొంతు తగ్గించాడు. "తిదా కూతురికి కాన్పయింది. నీళ్ళకి ఆసుపత్రికి రాలేకపోయారు. ఇంట్లోనే."

"ఎప్పుడు?"

"మొదలెట్టావా. తొలి నమాజు పిలుపు వినపడుతుంటే ఏడుపు వినపడిందట. చాలా?"

జైనాబా అప్పటికే చల్లపెట్టెలో మంచు దిమ్మలు సర్దుతోంది. ఒక సీసా తీసి, మందు వేడికి పాడైతే నల్లబడే చీటీ మీది చిన్న చదరం తెల్లగానే ఉందని చూసుకుని, పెట్టెలో పెట్టింది. ఈసారి ఆలస్యమైతే న్యాలింగ్ రక్తంలోది ఆ బిడ్డలోకి దిగి స్థిరపడుతుంది. ఇంకో ఇరవై ఏళ్ళకు ఇంకో కడుపు ఉబ్బుతుంది. రేపు తెల్లవారేదాకా గడువుంది, కానీ సాయంత్రం పోటుకు పాయ ఇంకా పొంగుతుంది. దాటాలంటే ఇప్పుడే.

బండి నీళ్ళలో ఇరుసు దాకా మునిగి లేస్తూ పోతోంది. జైనాబా పెట్టెను ఒళ్ళో పెట్టుకుంది.

"తిదా లోపలికి రానివ్వదు. ఇమామునే గుమ్మం ముందు నుంచి పంపేసింది. కాబట్టి ఇమామే పంపాడని చెప్పకు. జిల్లా నుంచి ఉత్తర్వు వచ్చిందని చెప్పు, సూది వేయకపోతే జరిమానా అని చెప్పు. అబద్ధమాడటం మీ జోలాలకి కొత్తా?" అన్నాడు న్జాగా.

"మీ దగ్గరే నేర్చుకున్నాం" అంది జైనాబా. ఆ తర్వాత ముసలాయన రెండుసార్లు ఎకసెక్కమాడి, జవాబు రాకపోయేసరికి గుర్రంతో మాట్లాడుకున్నాడు.

తిదా ఇంటి వాకిట్లో ఎవరూ లేరు, ఆడవాళ్ళంతా వరిమళ్ళలో ఉన్నారు. న్యాలింగ్ ఉన్న గది గుమ్మానికి మందపాటి గుడ్డ వేలాడుతోంది. దాని ముందు బోర్లించిన రోలు మీద తిదా కూర్చుని ఉంది. గుమ్మానికి వీపు పెట్టి, ఒళ్ళో రోకలి అడ్డంగా పెట్టుకుని. కొడుకు పోయాక ఆడటం మానేసిన మనిషి, ఇవాళ మళ్ళీ మగవాళ్ళ పంట్లాం తొడుక్కుంది, డబ్బా మూతల దండ వేసుకుంది. మొహంలో మాత్రం నవ్వు లేదు. ఆ వేషంలో నవ్వు లేకుండా ఉన్న మనిషిని జైనాబా ఎన్నడూ చూడలేదు. ఆమెకు భయమేసింది.

"అక్కడే ఆగక్కా."

"తిదా, పొద్దున పుట్టిన బిడ్డకి ఇవాళే సూది పడాలి."

"ఎనిమిదో రోజు పోనీ, నేనే తెస్తాను. మందెక్కడికీ పోదని నువ్వే అన్నావు కదా."

ఇరవైమూడేళ్ళ నాటి ఆ మాట తనకొక్కదానికే గుర్తుందనుకుంది జైనాబా.

"నీ మీద కోపం లేదక్కా" అంది తిదా, రోకలి మీద చెయ్యి తీయకుండా. "నీది చల్లని చూపే. తప్పు నాది. పేరు లేని బిడ్డని రెండో రోజే బయటికి తెచ్చాను. దారిలో ఎవరు చూశారో, ఏం చూసిందో. ఇరవైరెండేళ్ళు నాకు చూపించి తీసుకుపోయింది. సూదులన్నీ సరిగ్గా పడ్డాయని నువ్వు చెప్పాక ఇంకేముంటుంది? పొద్దుటి నుంచి నేను కూడా లోపలికి తొంగిచూడలేదు. బిడ్డ ఆడో మగో అడగలేదు. మంత్రసాని చెప్పబోతే నోరు మూశాను. నా కళ్ళే మంచివి కావు."

లోపల బిడ్డ సన్నగా మూలిగింది. న్యాలింగ్ ఏదో అని ఊరడించింది. తిదా వీపు బిగుసుకుంది కానీ తల తిరగలేదు.

న్జాగా చెప్పిన అబద్ధం జైనాబా నాలుక చివరే ఉంది. జిల్లా ఉత్తర్వు, జరిమానా. ఉత్తర్వు అంటే ఈ మనిషి లొంగుతుంది కూడా. సూది పడుతుంది, పాయ పొంగకముందే ఇల్లు చేరుకోవచ్చు. తిదా మాత్రం ఆ రోలు మీద అలాగే ఉండిపోతుంది. ఎనిమిదో రోజు దాకా కాదు, చచ్చేదాకా.

జైనాబా పెట్టెను నేల మీద దించి, దాని పక్కనే మట్టిలో కూర్చుంది.

"తిదా, నీతో అబద్ధం చెప్పాను. కార్డులో తప్పుంది."

తిదా రోకలిని రెండు చేతులా పట్టుకుంది.

"ఆ జబ్బు నీ రక్తంలోంచి పుట్టేటప్పుడు వాడికి అంటింది. అది నువ్వు చేసింది కాదు, నీకూ ఎవరి నుంచో వచ్చిందే. దాన్ని ఆపాలంటే మొదటి రోజు సూది పడాలి. మహా అయితే రెండో రోజు. నువ్వు రెండో రోజు తెచ్చావు. మందు నా పెట్టెలో ఉంది. ఒక్కడి కోసం సీసా మూత తీయడమెందుకని తీయలేదు. తీసినా పాడవదని నాకు కాగితం వచ్చింది, నేను చదివాను కూడా. అలవాటు కొద్దీ నిన్ను వెనక్కి పంపేశాను. పదకొండో రోజు వేశాను. అది ఆలస్యం."

"వేసుంటే బతికేవాడా?"

"ఏమో. బతికేవాడేమో. ఎక్కువమంది బతుకుతారు."

డబ్బా మూతలు చిన్నగా గలగలమన్నాయి.

"పాట నేనే పాడాను" అంది తిదా. "పుట్టగానే అని. నేను తెచ్చాను కదా."

"తెచ్చావు. ఈ పన్నెండు ఊళ్ళలో నువ్వొక్కదానివే తెచ్చావు."

"నేను వచ్చి అడిగాను. కార్డు నీ ముందు పెట్టి అడిగాను. అప్పుడెందుకు చెప్పలేదు?"

"భయమేసింది."

"ఎవరంటే?"

"నువ్వంటేనే."

తిదా రోకలి పట్టుకుని లేచింది. జైనాబా కదల్లేదు. కొడితే కొట్టనీ అనుకుంది, కొడితే బాగుండుననీ అనుకుంది. రోకలి కాసేపు గాల్లో ఉండి, తర్వాత గోడకు ఆనింది.

"ఏడాది పైన నెల" అంది తిదా. గొంతు మామూలుగానే ఉంది, అదే వినలేకపోయింది జైనాబా. "ఏడాది పైన నెల, నా కళ్ళు నేనే పొడుచుకోవాలని ఎన్నిసార్లు అనుకున్నానో నీకు తెలుసా? కూతురు కడుపుతో ఇంటికొస్తే మొహం పక్కకి తిప్పుకున్నాను. అది ఏడ్చింది. అయినా తిప్పుకున్నాను."

"తెలీదు తిదా."

"అడిగితే కదా తెలిసేది."

బయట న్జాగా గుర్రం కాలు దువ్వింది. ఎండ వాకిలి సగం దాటింది. జైనాబా ఆ నీడనే చూస్తోంది, గంటలు లెక్కపెట్టే అలవాటు అప్పుడు కూడా వదల్లేదు. అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

తిదా గుమ్మం గుడ్డ దగ్గరికి వెళ్ళి, తల పక్కకు తిప్పుకునే, "న్యాలింగ్, బిడ్డ కాలొకటి గుడ్డ కిందనుంచి బయటికి పెట్టు. కాలు మటుకే" అంది. తర్వాత జైనాబాతో అంది, "అప్పుడు చూశావు, వేయలేదు. ఇప్పుడు చూడకుండా వెయ్యి."

గుడ్డ అంచు కింద నుంచి చిన్న కాలు బయటికొచ్చింది. ముడతలు పడిన పాదం, బొటనవేలంత తొడ. న్యాలింగ్ చెయ్యి దాన్ని పట్టుకుని ఉంది. జైనాబా మోకాళ్ళ మీద కూర్చుని చేతులు కడుక్కుంది, పెట్టె తెరిచింది, సీసా తీసింది.

"ఒక్క బిడ్డ కోసమేనా మూత తీస్తున్నావు?" అంది తిదా వెనక నుంచి.

"ఒక్క బిడ్డ కోసమే."

రేకు మూత ఊడి నేల మీద పడింది. అర మిల్లీలీటరు. తొడ బయటి వైపు గుడ్డతో తుడిచి, సూది దించి, మందు వదిలి, తీసేసింది. మూడు సెకన్లు కూడా పట్టలేదు. కాలు ఒక్కసారిగా లోపలికి పోయింది. లోపల బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది.

ఆ ఏడుపుకు తిదా తల తిప్పింది. పొద్దుటి నుంచి తిరగని తల. మెళ్ళో దండ తీసి రోలు మీద పెట్టింది, అరచేతులతో మొహం తుడుచుకుంది, గుడ్డ తొలగించుకుని లోపలికి వెళ్ళిపోయింది. గుడ్డ మళ్ళీ పడింది.

జైనాబా బయటే ఉంది. తర్వాత న్యాలింగ్ "అమ్మా, నన్ను కూడా చూడు" అనడం వినిపించింది, ఆ తర్వాత ఇద్దరూ ఏడవడం. ఆ ఏడుపులో తనకు వాటా లేదని జైనాబాకు తెలుసు. లోపలి జేబులోంచి పెన్నూ పెన్సిలూ తీసి కొత్త కార్డు మోకాలి మీద పెట్టుకుంది. పేరు దగ్గర ఖాళీ వదిలింది. రెండో నెల, మూడో నెల, నాలుగో నెల తేదీలు పెన్సిలుతో వేసింది.

"ఆడపిల్ల. రాసుకో" అంది తిదా గుడ్డ వెనక నుంచి.

జైనాబా రాసింది.

"రోజు ఒక్కటే కాదు. పుట్టిన గంట రాయి. సూది వేసిన గంట కూడా రాయి. రెండూ పక్కపక్కన."

రెండూ రాసింది. మధ్యలో తొమ్మిది గంటలు. కార్డును గడప మీద పెట్టింది. లోపల నుంచి చెయ్యి వచ్చి దాన్ని తీసుకుంది. రమ్మని గానీ, వెళ్ళమని గానీ ఎవరూ అనలేదు.

సీసాలో తొమ్మిది మోతాదులు మిగిలి ఉన్నాయి. జైనాబా దాని మీద ఆ రోజు తేదీ వేసి మంచు దిమ్మల మధ్య పెట్టి, పెట్టె మూత వేసింది. నాలుగు వారాల దాకా ఏమీ కాదు. ఇరవైమూడేళ్ళ కిందట కూడా పని ఇంతే.